తెల్ల ముసుగు వెనక ఎవరూ లేరు

వెండితెర భయాల చరిత్ర – 12

1978 వసంతం. హాలీవుడ్ బులివార్డ్ మీద గారడీ సామాన్లూ వేషాల సరుకూ అమ్మే దుకాణంలో టామీ లీ వాలెస్ రబ్బరు ముసుగులు తిరగేస్తున్నాడు. ఓ చిన్న సినిమాకి అతను ఆర్ట్ డైరెక్టర్, ఎడిటర్లలో ఒకడు, ఇంకా ఏ పని పడితే అది చేసే మనిషి. ఇప్పుడు పడిన పని హంతకుడికి ఒక మొహం కొనడం. స్క్రిప్టు అడుగుతున్నది పాలిపోయిన మగవాడి మొహం. అందులో ఏ భావమూ కనిపించకూడదు.

వాలెస్ రెండు ముసుగులు తెచ్చాడు. ఒకటి సర్కస్ జోకర్‌ది. రెండోది ‘స్టార్ ట్రెక్’ సీరియల్లో కెప్టెన్ కర్క్‌ది, అంటే నటుడు విలియం షాట్నర్ మొహం. ఖరీదు రెండు డాలర్ల లోపే. కనుబొమలు పీకేశాడు, చెంపల మీది జుట్టు తీసేశాడు, కళ్ల దగ్గర రంధ్రాలు కత్తెరతో పెద్దవి చేశాడు, నెత్తిమీది జుట్టు రేపాడు, మొహమంతా తెల్ల స్ప్రే పెయింట్ కొట్టాడు. ఎవరి పోలికతో చేసిన ముసుగో ఇక చెప్పలేం. జోకర్ ముసుగు భయపెట్టేదే. కానీ ఈ తెల్లది తొడుక్కుని మనిషి ఎదురుగా వచ్చాక ఇంక చర్చ అక్కర్లేకపోయింది.

మన ఇళ్లలో అన్నం తినని పిల్లలకి బూచాడొస్తాడని చెబుతాం. వాడి ముక్కు ఎలా ఉంటుందో ఏ బామ్మా చెప్పదు. వాడికి చిన్నప్పుడు ఏం అన్యాయం జరిగిందో, పిల్లలంటే ఎందుకంత కక్షో అసలే చెప్పదు. చెప్పిందంటే పిల్లాడు ఆలోచనలో పడతాడు, అన్నం ముద్ద చల్లారిపోతుంది. బూచాడి బలమంతా వాడి గురించి మనకేమీ తెలియకపోవడంలోనే ఉంది. జాన్ కార్పెంటర్ తీసిన ‘హాలోవీన్’ ఈ సంగతి పట్టుకున్న సినిమా. దాన్ని చూసి సినిమాలు తీసినవాళ్లు కత్తిని పట్టుకున్నారు, ఈ సంగతిని వదిలేశారు. ఈ వారం కథ ఇదే.

కిందటి వారం 1960లో ఆగాం. ‘సైకో’ స్నానాల గదిలో, జానెట్ లీ అరుపు దగ్గర. పద్దెనిమిదేళ్ల తర్వాత ఆమె కూతురు జేమీ లీ కర్టిస్ తన మొదటి సినిమాలో అరవడానికి వచ్చింది. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు. ఆమెను తీసుకుంటే ఆ పేరు పోస్టరుకు పనికొస్తుందన్న లెక్కా నిర్మాతలకు ఉంది, అందులో తప్పేం లేదు. ‘సైకో’ తీసిన హిచ్‌కాక్‌కి కార్పెంటర్ మరో దండం కూడా పెట్టాడు. ఈ సినిమాలో డాక్టరు పేరు శామ్ లూమిస్. ‘సైకో’లో జానెట్ లీ ప్రియుడి పేరూ అదే.

ఈ రెండు సినిమాల మధ్య ఎడారేమీ లేదు. ఇటలీలో దర్శకుడు మారియో బావా ఉన్నాడు. 1974లో టోబ్ హూపర్ ‘ది టెక్సాస్ చైన్ సా మాసకర్’ తీశాడు. అదే ఏడాది కెనడాలో బాబ్ క్లార్క్ ‘బ్లాక్ క్రిస్మస్’ తీశాడు. పండగ రోజు, అమ్మాయిల హాస్టల్ లాంటి ఇల్లు, హంతకుడి కళ్లతో చూసే కెమెరా, అన్నీ అందులో ఉన్నాయి. కాబట్టి ‘హాలోవీన్’ తొలి స్లాషర్ అనే మాట నేను అనను. ఒక్కొక్కర్నీ వెంటాడి కత్తితో పొడిచే ఈ బాపతు సినిమాలకి బండిబాట వేసింది మాత్రం ఇదే.

ఊహ ఇర్విన్ యాబ్లాన్స్ అనే చిన్న పంపిణీదారుది. బేబీ సిట్టర్లను వెంటాడే హంతకుడి కథ కావాలన్నాడు. అమెరికా శివార్లలో అమ్మానాన్నలు సాయంత్రం బయటికి వెళ్తే పక్క వీధి అమ్మాయి వచ్చి గంటకింతని తీసుకుని పిల్లల్ని చూసుకుంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు లేరు, ఉన్నది చదువుకునే పిల్ల, నిద్రపోని పసివాడు. ఆ దేశంలో ప్రతి ఇంటికీ తెలిసిన పరిస్థితి ఇది. కథంతా అక్టోబరు 31, హాలోవీన్ పండగ రాత్రి జరిగితే ఎలా ఉంటుందన్నదీ యాబ్లాన్సే. ఇప్పుడు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మనవడి వెంట సంచీ పట్టుకుని ఇంటింటికీ తిరిగిన తాతలకు ఈ పండగ గురించి చెప్పక్కర్లేదు. ఊరంతా ముసుగులు వేసుకునే రాత్రి అది. ముసుగు మనిషి వీధిలో నడిచిపోతుంటే తిరిగి చూసేవాడుండడు.

డబ్బు ముస్తఫా అక్కాద్‌ది. సిరియాలోని అలెప్పోలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డాడు, అంతకు రెండేళ్ల క్రితమే ‘ది మెసేజ్’ తీశాడు. ఇచ్చింది మూడు లక్షల డాలర్ల పైచిలుకు. రాసి, తీసి, సంగీతం కట్టినందుకు కార్పెంటర్‌కి పదివేల డాలర్లు, లాభాల్లో వాటా. డాక్టరు వేషానికి అడిగితే క్రిస్టఫర్ లీ కుదరదన్నాడు. చివరికి డోనాల్డ్ ప్లెజెన్స్ వచ్చాడు, అయిదు రోజుల పనికి ఇరవై వేలు తీసుకున్నాడు. కథ తనకేమీ ఎక్కలేదని, కార్పెంటర్ అంతకు ముందు సినిమాలో సంగీతం తన కూతురికి నచ్చింది కాబట్టి వచ్చానని మొహం మీదే చెప్పాడట. జేమీ లీ కర్టిస్‌కి ఎనిమిది వేలు. ముసుగు వేసుకుని తిరిగినందుకు నిక్ కాజిల్‌కి రోజుకు ఇరవై అయిదు. అతను కార్పెంటర్‌కి ఫిల్మ్ స్కూల్ నేస్తం. తర్వాత తనే దర్శకుడయ్యాడు.

స్క్రిప్టు రాసిన ఇద్దరిలో డెబ్రా హిల్ ఒకామె, నిర్మాతా ఆమే. ఊరి పేరు హాడన్‌ఫీల్డ్. న్యూజెర్సీలో ఆమె పుట్టిన ఊరి పేరే తీసుకెళ్లి ఇల్లినాయ్‌లో పెట్టారు. షూటింగ్ జరిగింది మాత్రం కాలిఫోర్నియాలో, ఎక్కువగా సౌత్ పాసడీనా వీధుల్లో, అదీ వసంతంలో. చెట్లన్నీ పచ్చగా ఉన్నాయి, కథలో ఆకు రాలే కాలం. ఏం చేశారంటే కాగితం ఆకులు కత్తిరించి గోధుమరంగు వేసి సంచుల్లో నింపుకున్నారు. షాటుకు ముందు రోడ్డు మీద పోసి చెదరగొట్టడం, షాటు అయ్యాక అందరూ వంగి ఏరుకుని మళ్లీ సంచుల్లో వేసుకోవడం. పంట కళ్లంలో గింజలు ఏరుకున్నట్టు రోజూ ఆకులు ఏరారు. జాగ్రత్తగా చూస్తే కొన్ని ఫ్రేముల్లో వెనక తాటి జాతి చెట్లు దొరికిపోతాయి. ఇల్లినాయ్‌లో అవెక్కడివి?

మొదటి సీను చెప్పాలి. 1963, పండగ రాత్రి. కెమెరా ఒక ఇంటిని బయటి నుంచి చూస్తుంది. కిటికీలోంచి ఒక అమ్మాయి, ఆమె నేస్తగాడు కనిపిస్తారు. కెమెరా పక్కనుంచి చుట్టు తిరిగి వంటింట్లోకి పోతుంది. మన ముందు నుంచి ఒక చెయ్యి వచ్చి సొరుగు లాగి కత్తి తీసుకుంటుంది. మెట్లెక్కుతాం. నేలమీద పడున్న ముసుగు ఎత్తి తొడుక్కుంటాం. అక్కడి నుంచి తెర మీద రెండు రంధ్రాలే మిగులుతాయి, అందులోంచే చూడాలి. పని అయిపోతుంది. మెట్లు దిగి వాకిట్లోకి వస్తే కారు ఆగి అమ్మానాన్నలు దిగుతారు. తండ్రి ముసుగు లాగుతాడు. ఆరేళ్ల పిల్లవాడు. జోకర్ బట్టలు, చేతిలో నెత్తుటి కత్తి. ఎవరూ అరవరు, ఎవరూ వాణ్ణి ఎత్తుకోరు. ముగ్గురూ బొమ్మల్లా నిలబడి ఉంటే కెమెరా పైకి లేచి వెనక్కి వెళ్లిపోతుంది. నాలుగు నిమిషాలు. ఒకే షాటులా కనిపిస్తుంది, అతుకులు ముసుగు చీకట్లో దాచేశారు. కత్తి తీసిన ఆ చెయ్యి మాత్రం పిల్లవాడిది కాదు, డెబ్రా హిల్‌ది.

అలా తేలుతూ తిరగడం పానాగ్లైడ్ పుణ్యం. కెమెరాను ఆపరేటర్ ఒంటికి కట్టుకుని నడిచే స్టెడీకామ్‌కి అది దాయాది. మన ప్రేక్షకులు ఈ నడకను గుర్తుపట్టింది 1989లో, ‘శివ’లో. మూడేళ్ల తర్వాత ‘రాత్రి’లో రామ్‌గోపాల్ వర్మ దాన్నే భయానికి వాడుకున్నాడు. కనపడనిదేదో మనిషి వెనకే ఇల్లంతా తిరుగుతోందన్న గుబులుకు ఇంతకంటే మంచి పనిముట్టు లేదు.

ఇంత తక్కువ డబ్బుతో తీస్తూ కార్పెంటర్ ఒక్క చోట పిసినారితనం చూపించలేదు. సినిమాస్కోప్ కొలతలో తీయాలని పానావిజన్ పరికరాలే తెప్పించాడు. అంత వెడల్పు తెర ఎందుకు? ఒక చివర జేమీ లీ కర్టిస్‌ని నిలబెట్టి మిగతా తెరంతా ఖాళీగా వదిలేయడానికి. మన కళ్లు ఆమెను చూడవు, ఆ ఖాళీని వెతుకుతూ ఉంటాయి. కొన్నిసార్లు అక్కడ వాడు ఉంటాడు, చాలాసార్లు ఉండడు. పట్టపగలు పెరట్లో ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడి పైకి చూస్తుంటాడు. లారీ, అంటే జేమీ వేసిన పాత్ర, కళ్లార్పి చూస్తే దుప్పట్లే ఊగుతుంటాయి. అమావాస్యా కాదు, అర్ధరాత్రీ కాదు, కాలనీలో బట్టలు ఆరే వేళ.

ఒక సీను నాకు ఎన్నిసార్లు చూసినా పాతబడదు. లారీ స్నేహితురాళ్ల శవాలు చూసి వెనక్కి అడుగులేసి గోడకి ఆనుకుని ఏడుస్తుంటుంది. ఆమె పక్కన ఒక గది గుమ్మం, లోపల నల్లటి చీకటి. కెమెరా కదలదు. ఆ చీకట్లోంచి తెల్లమొహం నెమ్మదిగా తేలుతుంది. మనిషి అడుగు ముందుకు వేయలేదు. అప్పటికే అక్కడ ఉన్నాడు. ఛాయాగ్రాహకుడు డీన్ కండీ చిన్న దీపాన్ని డిమ్మర్‌కి తగిలించి మెల్లిగా పెంచాడు, అంతే. చీకటికి కళ్లు అలవాటు పడి అప్పుడు కనిపించినట్టు ఉంటుంది. కోట్ల ఖర్చుతో చేసే గ్రాఫిక్స్ దెయ్యాలు ఆ డిమ్మర్ ముందు దిగదుడుపే అని నా అభిప్రాయం.

ఈ వ్యాసం కోసం మళ్లీ చూస్తూ రక్తం ఎక్కడెక్కడ ఉందో కాగితం మీద గీతలు పెట్టుకున్నాను. అయిదుగురు చచ్చిపోయే సినిమాలో నా గీతలు ఒక చేతి వేళ్లు దాటలేదు. చూసినవాళ్లకి మాత్రం నెత్తురు వరదలై పారినట్టు గుర్తుంటుంది. అందులో సగం పని సంగీతానిది. సంగీతం కలపకముందు ఒక స్టూడియో అధికారిణికి సినిమా చూపిస్తే ఏమాత్రం భయం వేయలేదందట. కార్పెంటర్ కూర్చుని మూడు రోజుల్లో సంగీతం కట్టాడు. పియానో మీద కొద్ది స్వరాల చుట్టూ తిరిగే చిన్న వరస, అయిదు లెక్క తాళం. సంగీతం పాఠాలు చెప్పే ప్రొఫెసరైన అతని తండ్రి, పిల్లవాడికి చిన్నప్పుడు బోంగోల మీద నేర్పిన లెక్క అది. ఖండచాపు తెలిసిన చెవికి అయిదు కొత్త కాదు, లోపలి విరుపులు మాత్రం వేరు. నాలుగుతో ఆగుతుందని అలవాటుపడ్డ చెవి మాత్రం ప్రతి ఆవర్తంలోనూ ఒక మెట్టు తప్పి పడుతూ ఉంటుంది. టైటిల్స్‌లో వాద్యబృందం పేరు బౌలింగ్ గ్రీన్ ఫిల్హార్మనిక్ ఆర్కెస్ట్రా అని వేశారు. బౌలింగ్ గ్రీన్ కార్పెంటర్ పెరిగిన ఊరు. ఆర్కెస్ట్రా లేదు, ఉన్నది అతనూ సింథసైజర్లూ.

అదే టైటిల్స్‌లో ముసుగు మనిషి పేరు కోసం చూడండి. పాత్రకు మైకేల్ మైయర్స్ అనే పేరుంది. నిక్ కాజిల్ పేరు ఎదురుగా వేసింది అది కాదు, ‘ది షేప్’ అని. మన మాటల్లో ‘ఆకారం’. చీకట్లో ఏదో ఆకారం కనబడిందంటామే, అది. ఆ ఆకారం కూడా ఒకడు కాదు. ఎక్కువగా కాజిల్, పడే దూకే చోట్ల స్టంట్ మనిషి, బీరువా గది తలుపు విరగ్గొట్టేటప్పుడు వాలెస్. క్షణకాలం ముసుగు తొలగితే కనబడే మొహం మరో నటుడిది. నడవడం తప్ప ఏమీ చేయొద్దని కార్పెంటర్ చెప్పాడు, కాజిల్ నడిచాడు. వంటింట్లో ఒక కుర్రాణ్ణి కత్తితో గోడకి గుచ్చాక వాడు తల ఇటు వంచి, అటు వంచి చూస్తాడు, గోడకి పటం తగిలించి వంకరగా ఉందేమోనని చూసుకున్నట్టు. కోపం లేదు, సంతోషం లేదు. వాడు ఎందుకు చంపుతున్నాడో సినిమా చివరిదాకా చెప్పదు. డాక్టరు లూమిస్ ఎనిమిదేళ్లు వైద్యం చేసి తేల్చిందల్లా, లోపల మనిషన్నవాడు లేడని.

ఇక్కడ ఒక కాకతాళీయం. అదే 1978 అక్టోబరు నెలాఖరులో మద్రాసులో భారతీరాజా ‘సిగప్పు రోజాక్కళ్’ విడుదలైంది. కమల్ హాసన్ హంతకుడు, శ్రీదేవి నాయిక. తెలుగులోకి ‘ఎర్ర గులాబీలు’గా వచ్చింది. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. కానీ అందులో కథానాయకుడు హంతకుడు ఎందుకయ్యాడో వెనక్కి వెళ్లి చెబుతారు. మన ప్రేక్షకుడికి కారణం కావాలి. కారణం దొరికితే కొంచెం జాలీ పుడుతుంది. జాలి పుట్టిన చోట భయం మరోలా ఉంటుంది. అది తక్కువ సినిమా అనడం లేదు, దారి వేరు.

‘హాలోవీన్’ 1978 అక్టోబరు 25న కాన్సస్ సిటీలో విడుదలైంది. ప్రచారానికి డబ్బుల్లేవు, బాక్సులు ఊరు తర్వాత ఊరు తిరిగాయి, మౌత్ టాకే నడిపించింది. విమర్శకురాలు పాలిన్ కేల్‌కి నచ్చలేదు. మరో విమర్శకుడు రోజర్ ఈబర్ట్ నాలుగు నక్షత్రాలూ ఇచ్చి ‘సైకో’ పక్కన పెట్టాడు. అమెరికాలోనే 4 కోట్ల 70 లక్షల డాలర్లు వసూలు చేసింది. పెట్టుబడి పక్కన పెట్టి చూసుకోండి.

అందరూ చూసుకున్నారు. ఇక పండగలకి మూడింది. మదర్స్ డే, వాలెంటైన్స్ డే, కొత్త సంవత్సరం, పట్టా పుచ్చుకునే రోజు, అన్నిటి మీదా ఒక్కో హత్యల సినిమా వచ్చింది. షాన్ కనింగ్‌హామ్ అయితే చేతిలో స్క్రిప్టు లేకుండానే ‘ఫ్రైడే ది థర్టీన్త్’ అని పత్రికలో ప్రకటన వేసి, ఆ తర్వాత సినిమా తీశాడు. 1980లో అది బ్రహ్మాండంగా ఆడింది. వాళ్లంతా ‘హాలోవీన్’లో ఏముందో లెక్క రాసుకున్నారు: కత్తి, ముసుగు, పండగ, కుర్రకారు, ఆఖరున బతికే అమ్మాయి. ఏం లేదో రాసుకోలేదు. రక్తం లేని చోట రక్తం పోశారు, కారణం లేని చోట పగ పెట్టారు, ఖాళీగా ఉన్న తెర నింపేశారు.

ఇతరుల్నెందుకు అనడం? కార్పెంటరే ఆ పని చేశాడు. 1981లో రెండో భాగం రాయాల్సి వచ్చింది, చెప్పడానికి ఏమీ మిగల్లేదు. రాత్రుళ్లు బీరు తాగుతూ రాశానని తర్వాత తనే ఒప్పుకున్నాడు. ఆ రాతలో పుట్టిందే లారీ ఆ హంతకుడికి చెల్లెలన్న మలుపు. దాంతో బూచాడు కాస్తా కుటుంబ తగాదా అయిపోయాడు. 2007లో రాబ్ జాంబీ మళ్లీ తీసినప్పుడు వాడి బాల్యం, చెడ్డ ఇల్లు, బడిలో అవమానాలు అన్నీ విడమరిచి చెప్పాడు. ఓపిగ్గా చూశాను. జాలి వేసింది, భయం వేయలేదు. 2018లో డేవిడ్ గోర్డన్ గ్రీన్ తీసిన సినిమా మధ్యలో వచ్చిన భాగాలన్నిటినీ పక్కకు నెట్టి, చెల్లెలి కథ ఉత్త పుకారని ఒక పాత్రతో అనిపించి, మొదటి సినిమా ఆగిన చోట నుంచి ఎత్తుకుంది. నలభై ఏళ్ల అప్పుకు వడ్డీ కట్టినట్టయింది.

ఇంకో తగవు ఉంది. తిరిగే అమ్మాయిలు చస్తారు, బుద్ధిమంతురాలు బతుకుతుంది, ఇదేం నీతి అని అప్పట్లోనే నిలదీశారు. అలాంటి ఉద్దేశం లేదని, లారీ ఒంటరిది కాబట్టి చుట్టూ గమనిస్తుందని కార్పెంటర్ వాదించాడు. ఉద్దేశం లేకపోవచ్చు. కానీ తర్వాత పదేళ్లపాటు ఆ ‘నీతి’నే సూత్రంగా వాడుకున్నారు, ఆ మరక పూర్తిగా పోదు. 1987లో కరోల్ క్లోవర్ అనే పరిశోధకురాలు ఈ చివరకు మిగిలే అమ్మాయి మీద పెద్ద వ్యాసమే రాసింది. మగపిల్లలతో నిండిన హాలు ఒక ఆడపిల్ల కళ్లతో భయపడి, ఆమె అల్లిక సూది ఎత్తి పొడిస్తే ఈల వేయడమేమిటన్నది ఆమె ప్రశ్న. 1996లో ‘స్క్రీమ్’ ఈ సూత్రాలన్నిటినీ పాత్రల నోటే చెప్పించింది. అందులో ఒక కుర్రాడు సోఫాలో కూర్చుని టీవీలో ‘హాలోవీన్’ చూస్తూ, వెనక్కి చూడు జేమీ అని అరుస్తుంటాడు. అతని వెనక కత్తి పట్టుకుని ఇంకొకడు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది హత్యలు కాదు. లారీ కాలు ఈడ్చుకుంటూ పక్కింటి తలుపు బాదుతుంది, రక్షించమని ఏడుస్తుంది. వాకిట్లో దీపం వెలుగుతుంది. తెర తొలగించి ఎవరో చూస్తారు. దీపం ఆరిపోతుంది. మా వీధిలో అలా జరగదు అనుకున్నాను మొదటిసారి చూసినప్పుడు. ఇప్పుడు ఉంటున్నది అయిదో అంతస్తు ఫ్లాటులో, ఎదురింటాయన పేరు నాకు తెలియదు.

ముగింపులో డాక్టరు ఆరు గుళ్లు కాలుస్తాడు, వాడు మేడ మీంచి పడతాడు. అది బూచాడేనా అని లారీ అడిగితే డాక్టరు అవునంటాడు. కిందికి చూస్తే పచ్చిక మీద ఎవరూ లేరు. తర్వాత సినిమా ఒక్కొక్క ఖాళీ చోటూ చూపిస్తుంది: మెట్లు, హాలు, చీకటి వీధి, ఇళ్ల ముంగిళ్లు, చివరగా మైయర్స్ పాత ఇల్లు. వినబడేది ముసుగులోంచి వచ్చే ఊపిరి ఒక్కటే.

ఆ ఇల్లు సెట్టు కాదు. 1888లో కట్టిన నిజం ఇల్లు, షూటింగ్ నాటికి పాడుబడి ఉంది. సినిమా అంతా దాన్ని అలాగే వాడుకుని, 1963 నాటి సీను కోసం ఆఖర్న అందరూ కలిసి రంగులు వేశారు. 1987లో కూల్చేయబోతే పునాది మీంచి ఎత్తి కాస్త దూరానికి జరిపారు. సౌత్ పాసడీనాలో మిషన్ స్ట్రీట్ దగ్గర, రైలు పట్టాల పక్కన ఇప్పటికీ ఉంది. లాస్ ఏంజెలెస్‌లో ఉంటున్న మన పాఠకులు ఎవరైనా అటు వెళ్తే చూసి రండి, ఏ కాలమైనా పర్వాలేదు, ఆకులు ఏరే పని లేదు.

వచ్చే వారం: ‘ఫ్రైడే ది థర్టీన్త్’లోని క్రిస్టల్ లేక్ ఒడ్డున టామ్ సావినీ రక్తం కలిపిన విధం.

(సశేషం)